నిర్మాణ స్థలాల్లో వేసుకునే సేఫ్టీ బూట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సైట్‌లో కొత్తగా చేరినవాళ్లూ, ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లూ బూట్ల గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, దేనికదే పూర్తిగా ఉంటుంది. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. కాలు నొప్పెట్టే బూటును ఎవరూ రోజంతా వేసుకోరు. లేసులు వదులు చేస్తారు, మధ్యాహ్నం దాటాక విప్పేసి చెప్పులతో తిరుగుతారు. మేకు గుచ్చుకోవడానికి ఆ కాసేపు చాలు. అందుకే ఇక్కడ సౌకర్యాన్ని కూడా రక్షణ కిందే లెక్కేశాను.

## కొనే ముందు

నా స్పోర్ట్స్ షూ గట్టిగానే ఉంది, సైట్‌కి అది చాలదా?

చాలదు. స్పోర్ట్స్ షూ ముందు భాగం బట్టతోనో జాలీతోనో ఉంటుంది, ఇటుక పడితే దెబ్బంతా వేళ్లకే తగులుతుంది. అరికాలి కింద ఉండే మెత్తటి ఫోమ్‌లోకి మేకు సులువుగా దిగిపోతుంది. ఇందులో చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. చెమటతో తడిగా ఉండే ఇలాంటి సోల్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షూలోంచి మేకు దిగినప్పుడు అది కూడా లోపలికి వెళ్లి, ఎముక దాకా ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలు డాక్టర్లకు బాగా తెలుసు. అలా గుచ్చుకుంటే పైపైన కడిగి పనిలోకి వెళ్లిపోకండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి చూసుకోండి, షూలోంచి గుచ్చుకుందని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఏ పనికి ఏ బూటు? ఒకే జత అన్నిటికీ పనికిరాదా?

ఇటుక పని, రాడ్ బెండింగ్, సెంట్రింగ్ లాంటి పనులకు చాలావరకు ఒకే రకం సరిపోతుంది. ముందు గట్టి టో (వేళ్లను కప్పే గట్టి తొడుగు), కింద మేకు దిగని ప్లేటు, నీరు సులువుగా ఇంకని పైభాగం, లోతైన గాడులున్న సోల్ ఉంటే చాలు. కొన్ని పనుల దగ్గర మాత్రం ఈ లెక్క మారుతుంది.

కాంక్రీట్ పోసేటప్పుడు తోలు బూటు పనికిరాదు. మోకాలి కింది దాకా వచ్చే గంబూట్లు కావాలి, వాటిలోనూ టో, ప్లేటు ఉన్నవే తీసుకోవాలి. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ చేసేవాళ్లకు నిప్పురవ్వలు లేసుల సందుల్లోంచి లోపలికి పడతాయి. వాళ్లకి లేసులను కప్పే తోలు పట్టీ ఉన్నది గానీ, అసలు లేసులే లేనిది గానీ మేలు. వేడి తారు మీద నడిచేవాళ్లకు వేడిని తట్టుకునే రబ్బరు సోల్ తప్పనిసరి. వాలుగా ఉండే పైకప్పుల మీద పనిచేసేవాళ్లకు మొద్దు సోల్ ఇబ్బంది పెడుతుంది. కాలి కింద ఏముందో తెలిసేలా బాగా వంగే సోల్ కావాలి. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేసేవాళ్లకు బూటు ముందు భాగం నేలకు రాసుకుని త్వరగా అరిగిపోతుంది. అక్కడ రబ్బరు పూత ఉన్న మోడల్ చూసుకోవాలి.

కొనే ముందు మీ సైట్‌లో ఒకసారి నాలుగు వైపులా తిరిగి చూడండి. పైనుంచి ఏం పడొచ్చు, కింద ఏం గుచ్చుకోవచ్చు, ఎక్కడ తడి ఉంటుంది, ఎక్కడ ఎక్కి దిగాలి అన్నవి తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. షాపువాడు చెప్పే మాటల కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

స్టీల్ టో మంచిదా, కాంపోజిట్ టో మంచిదా?

ఒకే ప్రమాణం పాసైతే రెండూ ఒకే స్థాయి రక్షణ ఇచ్చినట్టే. తేడా అంతా వాడకంలో ఉంటుంది. స్టీల్ పలుచగా ఉంటుంది కాబట్టి ముందు భాగం మరీ ఉబ్బెత్తుగా కనిపించదు. కానీ బరువు ఎక్కువ, ఎండకీ చలికీ త్వరగా ప్రభావితం అవుతుంది. కాంపోజిట్ అంటే ఫైబర్, ప్లాస్టిక్ కలిపి చేసినది. తేలిక, వేడిని అంతగా లోపలికి పంపదు, మెటల్ డిటెక్టర్ దగ్గర మోగదు. అయితే మందం ఎక్కువ కావడంతో ముందు భాగం కాస్త పెద్దదిగా ఉంటుంది. అల్యూమినియం టో ఈ రెండిటికీ మధ్యస్థంగా ఉంటుంది. రోజూ చాలా దూరం నడిచేవాళ్లకీ, మెట్లు ఎక్కి దిగేవాళ్లకీ నేను కాంపోజిట్ వైపే మొగ్గుతాను.

పెద్ద బరువు పడితే స్టీల్ టో వంగి వేళ్లు కోసేస్తుందంటారు, నిజమేనా?

ఈ భయంతో టో లేని బూట్లు వేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే దీన్ని గట్టిగా చెప్పాలి. ఉక్కు టో పూర్తిగా నలిగిపోయేంత బరువు పడితే, అది లేని కాలు అంతకంటే ఘోరంగా నుజ్జవుతుంది. సైట్‌లో రోజూ జరిగే చిన్న, మధ్యతరహా దెబ్బలన్నిట్లోనూ టో కాపాడుతుంది. ఎప్పుడో జరగొచ్చనే ఒక్క ఊహ కోసం రోజూ ఉండే రక్షణని వదులుకోవద్దు.

బరువుగా ఉంటేనే గట్టి బూటా?

కాదు. బరువు వల్ల రక్షణ రాదు, పరీక్ష పాసైన టో వల్ల, ప్లేటు వల్ల వస్తుంది. అవసరం లేని బరువు మోస్తే సాయంత్రానికి కాలు సరిగ్గా లేవదు. అడుగు ఈడుస్తూ నడిచేవాళ్లే రాడ్‌కో కేబుల్‌కో తట్టుకుని పడిపోతారు.

చీలమండ దాకా వచ్చే బూటు కావాలా, పొట్టి షూ చాలా?

నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, కంకర గుట్టల మీద నడవాల్సి వచ్చినా చీలమండ దాటి పైకి వచ్చే బూటే తీసుకోండి. రాళ్లూ ఇసుకా లోపలికి రావు, చీలమండకి రాడ్డు గీసుకున్నా తోలు అడ్డుపడుతుంది. కాలు మెలిక పడకుండా పూర్తిగా ఆపుతుందని మాత్రం అనుకోవద్దు. బూటు ఎత్తుగా ఉన్నా లేసులు పైదాకా కట్టకపోతే ఆ కాస్త ప్రయోజనం కూడా ఉండదు. ఫ్లోరింగ్ అయిపోయిన భవనం లోపల పెయింటింగ్, ఫిట్టింగ్ పనులకు పొట్టి సేఫ్టీ షూ చాలు.

## గుర్తులు, నంబర్లు

ఎస్1, ఎస్1పీ, ఎస్3 అని రాసి ఉంటుంది, అర్థం ఏంటి?

ఇవి ఐఎస్‌ఓ 20345 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని తరగతులు. ఈ ప్రమాణం కింద వచ్చే ప్రతి బూటుకీ దెబ్బ తట్టుకునే టో ఉంటుంది. ఎస్‌బీ అంటే ఆ కనీస స్థాయి మాత్రమే. ఎస్1 అంటే దానికి తోడు మూసి ఉన్న మడమ, ఒంట్లో చేరే స్థిర విద్యుత్తుని నేలలోకి పంపే యాంటీస్టాటిక్ గుణం, మడమ దగ్గర అదురును పీల్చుకునే మెత్తదనం. ఎస్1పీ అంటే ఎస్1కి మేకు దిగని ప్లేటు కలిపినది. ఎస్2లో ప్లేటు ఉండదు గానీ పైభాగంలోకి నీరు సులువుగా ఇంకదు. ఎస్3లో ఇవన్నీ ఉంటాయి: ప్లేటు, నీటిని ఆపే పైభాగం, గాడులున్న సోల్. ఎస్4, ఎస్5 పూర్తిగా రబ్బరుతోనో ప్లాస్టిక్‌తోనో పోత పోసిన గంబూట్లకు చెందినవి. వాటిలో ఎస్5కి ప్లేటు ఉంటుంది.

2022లో ఈ ప్రమాణాన్ని సవరించారు. అప్పుడు ఎస్6, ఎస్7 కొత్తగా చేరాయి. ఎస్2, ఎస్3లకి బూటు మొత్తంగా నీరు చొరకుండా ఉండే గుణాన్ని కలిపితే వచ్చేవి ఇవి. ఎస్3లో పైభాగం తోలు మాత్రమే నీటిని ఆపుతుంది, కుట్ల దగ్గర్నుంచి తడి రావచ్చు. వానలో పనిచేసేవాళ్లు గమనించాల్సిన తేడా ఇదే.

అమెరికాలో తయారయ్యేవాటి మీద ఏఎస్‌టీఎం ఎఫ్2413 అని, ఇండియాలో ఐఎస్ 15298 అని ఉంటుంది. నిర్మాణ పని అంటే సాధారణంగా ఎస్3 స్థాయిదే చూసుకోండి.

200 జౌల్స్ అంటే ఎంత దెబ్బ?

ఐఎస్‌ఓ 20345 టో పరీక్షలో 20 కిలోల బరువుని దాదాపు ఒక మీటరు ఎత్తు నుంచి టో మీద పడేస్తారు. అది 200 జౌల్స్. ఆ దెబ్బ తర్వాత కూడా లోపల వేళ్లకి సరిపడా ఖాళీ మిగలాలి. నెమ్మదిగా నొక్కే పరీక్ష వేరే ఉంది, అందులో 15 కిలోన్యూటన్‌లు, అంటే సుమారు ఒకటిన్నర టన్నుల బరువుతో సమానమైన ఒత్తిడి పెడతారు.

ఇది విని ధైర్యం వస్తుంది, రావాలి కూడా. కానీ దానికో హద్దు ఉందని లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 3 కిలోల ఇటుక 9 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాని శక్తి సుమారు 265 జౌల్స్. పరీక్ష హద్దు అక్కడే దాటిపోయింది. అందుకే పై అంతస్తులో పని జరుగుతున్నప్పుడు కింద నడిచే దారి మూసేయాలి, వల కట్టాలి. ఆ పని బూటు చేయలేదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, ఐఎస్‌ఓ 20346 అనే ప్రమాణంలో టో పరీక్ష 100 జౌల్స్‌కే ఉంటుంది, ఐఎస్‌ఓ 20347లో టో ఉండాలన్న నియమమే లేదు. నంబర్ చివరి అంకె చూసి కొనండి.

మేకు దిగని ప్లేటు స్టీల్‌ది తీసుకోవాలా, బట్టదా?

స్టీల్ ప్లేటు సన్నటి మేకుని కూడా బాగా ఆపుతుంది. కానీ అంచుల దగ్గర కొంత భాగం కప్పదు, సోల్ సరిగ్గా వంగదు. గట్టి దారాలతో నేసిన ప్లేటు అరికాలంతా పరుచుకుంటుంది, తేలికగా వంగుతుంది, వేడిని లోపలికి పంపదు. దాని బలహీనత సన్నటి మేకుల దగ్గర బయటపడుతుంది. 2022 సవరణలో ఈ తేడా స్పష్టంగా కనిపించేలా గుర్తులు పెట్టారు: పీఎల్ అంటే 4.5 మిల్లీమీటర్ల మేకుతో, పీఎస్ అంటే 3 మిల్లీమీటర్ల మేకుతో పరీక్షించినది. సెంట్రింగ్ ఊడదీసే పని, పాత కట్టడాలు కూల్చే పని అయితే స్టీల్ ప్లేటో పీఎస్ గుర్తున్నదో ఎంచుకోండి. చెక్కలకి మేకులు పైకి లేచి ఉండే చోటు అదే.

యాంటీస్టాటిక్ అని రాసి ఉంటే కరెంట్ షాక్ కొట్టదనేనా?

కాదు. ఈ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. యాంటీస్టాటిక్ బూటు ఒంట్లో చేరే స్థిర విద్యుత్తుని నెమ్మదిగా నేలలోకి పంపడానికి చేసినది. అంటే అది కొద్దిగా కరెంటు పోనిస్తుంది. షాక్ నుంచి కాపాడేది విద్యుత్ నిరోధక బూటు, దాని గుర్తులు వేరు. అమెరికా ప్రమాణంలో ఈహెచ్ అని ఉంటుంది. దాన్ని 18,000 వోల్టుల దగ్గర ఒక నిమిషం పరీక్షిస్తారు, అదీ పొడిగా ఉన్నప్పుడు. తడిసినా, సోల్ అరిగినా, మేకు దిగి ఉన్నా ఆ రక్షణ నమ్మదగినది కాదు. ఏ బూటు వేసుకున్నా ముందు కరెంటు ఆపి, ఆగిందో లేదో చూశాకే చేయి పెట్టాలి.

జారదని రాసి ఉన్న బూటు నిజంగా జారదా?

జారే అవకాశం తగ్గుతుంది, అంతే. 2022 సవరణకి ముందున్న పాత గుర్తుల్లో ఎస్‌ఆర్‌ఏ అంటే సబ్బునీటితో తడిపిన టైల్ మీద, ఎస్‌ఆర్‌బీ అంటే గ్లిజరిన్ పూసిన ఉక్కు మీద పరీక్షించినది. రెండూ పాసైతే ఎస్‌ఆర్‌సీ. కొత్త పద్ధతిలో సబ్బునీటి పరీక్ష అందరికీ తప్పనిసరి అయింది, గ్లిజరిన్ టైల్ పరీక్ష కూడా పాసైతే ఎస్‌ఆర్ అని వేస్తారు. ఈ పరీక్షల్లో బురద లేదు. గాడుల్లో మట్టి నిండిపోతే ఎంత మంచి సోల్ అయినా నున్నగా మారిపోతుంది. నిచ్చెన ఎక్కే ముందు బూటు అడుగు భాగం రెండుసార్లు నేలకి కొట్టి, పుల్లతో గాడులు గీకడం అలవాటు చేసుకోండి.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

బూటు లేసుల కింద ఉండే నాలుక (పట్టీ) లోపలి వైపు చూడండి. తయారీదారు పేరు, మోడల్, సైజు, తయారైన తేదీ, ప్రమాణం నంబర్, తరగతి గుర్తు ఉండాలి. ఇండియాలో అమ్మేవాటి మీద ఐఎస్‌ఐ గుర్తు కూడా ఉండాలి. ‘స్టీల్ టో’ అని డబ్బా మీద మాత్రమే రాసి, బూటు మీద ప్రమాణం నంబర్ లేకపోతే పక్కన పెట్టేయండి. లోపల రేకు ముక్క ఉండొచ్చు గానీ అది దేన్ని తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించలేదని అర్థం.

## సైజు చూసేటప్పుడు

బూట్లు ఏ టైంలో, ఎలా వేసి చూడాలి?

సాయంత్రం. రోజంతా నిలబడ్డాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుసుకుంటుంది. పనికి వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడండి. రెండు కాళ్లకీ వేయండి, ఎందుకంటే చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది. పెద్ద పాదానికి సరిపోయేదే మీ సైజు.

నిలబడినప్పుడు పొడవైన వేలికీ బూటు ముందు భాగానికీ మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. టో గట్టిగా ఉంటుంది కాబట్టి పైనుంచి నొక్కి చూడలేరు. లేసులు వదులు చేసి, వేళ్లు ముందుకు తగిలేలా కాలు జరిపి, మడమ వెనక ఒక వేలు పట్టిందంటే సరే. తర్వాత లేసులు కట్టి మెట్లు దిగండి. దిగేటప్పుడు వేళ్లు టోకి తగిలితే ఆ బూటు వద్దు. గొంతుక్కూర్చుని లేవండి, అప్పుడు టో అంచు వేళ్ల మొదట్లో ఒత్తుకుంటుందో లేదో తెలుస్తుంది. షాపులో పది నిమిషాలు తిరిగి చూడటానికి మొహమాటపడొద్దు.

పక్కల బిగుతుగా ఉంది, ఒక సైజు పెద్దది తీసుకోనా?

చాలామంది చేసే పని ఇదే, దాంతో పొడవు ఎక్కువై మడమ లోపల ఆడుతుంది, బొబ్బలు వస్తాయి. పైగా బూటు వంగే చోటు ఒకటి, పాదం వంగే చోటు ఇంకొకటి అవుతుంది. మీకు కావలసింది పొడవు కాదు, వెడల్పు. ఒకే సైజులో వెడల్పు రకాలు చేసే కంపెనీలు ఉన్నాయి, వాటిలో చూడండి.

ఇప్పుడు బిగుతుగా ఉన్నా వాడగా సాగుతుందంటున్నారు, నిజమా?

తోలు కొంచెం సాగుతుంది. టో సాగదు. ముందు భాగంలో చిటికెన వేలికో బొటనవేలికో ఒరుసుకుంటే అది ఆరు నెలల తర్వాత కూడా అలాగే ఒరుసుకుంటుంది. పాదం పైభాగం దగ్గర కాస్త బిగుతుగా ఉంటే పర్వాలేదు, టో దగ్గర మాత్రం మొదటి రోజే హాయిగా ఉండాలి.

ఆన్‌లైన్‌లో కొంటే సైజు ఎలా తెలుసుకోవాలి?

గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పొడవైన వేలి చివర గీత పెట్టి మిల్లీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్ద కొలత తీసుకోండి. బ్రిటిష్ సైజులో ఒక్కో అంకెకి తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు, యూరోపియన్ సైజులో సుమారు 6.7 మిల్లీమీటర్లు. అందుకే ఒక పద్ధతిని ఇంకోదాంట్లోకి మార్చే పట్టికలు కంపెనీకో రకంగా ఉంటాయి. ఆ కంపెనీ పట్టికలో మిల్లీమీటర్ల వరుస చూసి ఎంచుకోవడమే నమ్మకమైన దారి. తిరిగి పంపే వీలు లేకపోతే కొనొద్దు. వచ్చాక ఇంట్లో శుభ్రమైన నేల మీదే వేసి చూడండి.

ఆడవాళ్లకి మగవాళ్ల చిన్న సైజు సరిపోతుందా?

సాధారణంగా సరిపోదు. ఒకే పొడవున్న పాదాల్లో కూడా ఆడవాళ్ల మడమ సన్నగా, పాదం మొత్తం ఆకారం వేరుగా ఉంటుంది. మగవాళ్ల అచ్చు మీద చేసిన బూటు వేసుకుంటే మడమ లేస్తూ ఉంటుంది, దాన్ని ఆపడానికి లేసులు బిగిస్తే పైన నొప్పి. ఆడవాళ్ల కోసం విడిగా అచ్చు చేసి కుట్టిన సేఫ్టీ బూట్లు దొరుకుతున్నాయి. కంపెనీ ఇస్తుంటే అవే కావాలని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న టెన్షన్ వద్దు, ఇది అలంకారం గురించి కాదు.

నాకు ఫ్లాట్ ఫుట్ ఉంది, లోపలి ఇన్‌సోల్ మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు గానీ ఏదిపడితే అది కాదు. మందపాటి ఇన్‌సోల్ వేస్తే పాదం పైకి లేచి టో కింద ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది, యాంటీస్టాటిక్ గుణం కూడా పోవచ్చు. బూటుతోపాటు పరీక్షించిన ఇన్‌సోల్స్‌ని ఆ తయారీదారే అమ్ముతుంటారు, వాటిలో పాదం వంపుకి ఆసరా ఉన్నది తీసుకోండి. డాక్టర్ రాసిచ్చిన ప్రత్యేక ఇన్‌సోల్ అయితే బూటు కొనకముందే తీసుకెళ్లి అందులో పెట్టి చూడాలి.

నాకు షుగర్ ఉంది, సేఫ్టీ బూట్లు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, వేసుకోవాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే బూటు ఒరుసుకున్నా, లోపల రాయి ఉన్నా తెలియదు, చిన్న పుండు పెద్దదవుతుంది. కాలు పెట్టే ముందు ప్రతిసారీ చేయి పెట్టి లోపల తడమండి. రోజూ ఇంటికెళ్లాక అరికాలు, వేళ్ల సందులు అద్దంలో చూసుకోండి లేదా ఇంట్లోవాళ్లని చూడమనండి. లోపల కుట్లు తగలని, వెడల్పైన బూటు ఎంచుకోండి. ఎర్రబడి, ఆ ఎరుపు తగ్గకుండా ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

## వాడటం మొదలుపెట్టాక

కొత్త బూట్లు కరుస్తున్నాయి, ఏం చేయాలి?

మొదటి రోజే పూర్తి షిఫ్ట్ వేసుకోకండి. ముందు ఇంట్లో రోజుకి గంటా రెండు గంటలు వేసుకుని తిరగండి. ఒరుసుకునే చోట ఎర్రబడగానే, బొబ్బ రాకముందే టేప్ వేయండి. రెండు వారాలు దాటినా అదే చోట కరుస్తుంటే తప్పు మీ పాదానిది కాదు, ఆ బూటు మీకు సరిపోలేదు.

నడుస్తుంటే మడమ పైకి లేస్తోంది, లేసులు ఎలా కట్టాలి?

పైనున్న రెండు రంధ్రాల మధ్య లేసుని అదే వైపు దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అలాగే. ఇప్పుడు ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి, కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి తీసి వెనక్కి లాగి ముడేయండి. మడమ గట్టిగా కూర్చుంటుంది, ముందు భాగం వదులుగానే ఉంటుంది. మిగిలిన కొసలు వేలాడకుండా లోపలికి దోపండి.

ఏ సాక్స్ వేసుకోవాలి?

కాటన్ మంచిదనే నమ్మకం బలంగా ఉంది గానీ, కాటన్ చెమటని పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. తడి చర్మమే బొబ్బలెక్కుతుంది. ఉన్ని, సింథటిక్ కలిసినవి తడిని బయటికి పంపుతాయి. బూటు అంచు కంటే పొడవుగా ఉన్నవి వేసుకోండి. ఇంకో జత సంచిలో ఉంటే మధ్యాహ్నం మార్చుకోవచ్చు.

ఎండలో కాళ్లు ఉడికిపోతున్నాయి, బూట్లు విప్పకుండా ఏం చేయొచ్చు?

పొడి నేల మీద పని అయితే గాలి ఆడే పైభాగం ఉన్న ఎస్1పీ రకం హాయిగా ఉంటుంది. ప్లేటు, టో రెండూ ఉంటాయి, నీటిని ఆపే గుణం మాత్రం ఉండదు. రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వేసుకుంటే లోపలి చెమట పూర్తిగా ఆరుతుంది. వేళ్ల మధ్య ఫంగస్ వచ్చేవాళ్లకి ఇది మందుతో సమానం. విరామంలో నీడలో, పని జరగని చోట కూర్చుని బూట్లు విప్పి కాళ్లు ఆరనివ్వండి. మళ్లీ లేచేముందు వేసుకోండి.

తడి సిమెంట్ బూటులోకి వెళ్లింది, పని అయ్యాక కడుక్కుంటే సరిపోదా?

సరిపోదు. వెంటనే ఆపేయాలి. తడి సిమెంట్ బాగా ఘాటైన క్షారం, దాని పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. చర్మాన్ని కాల్చేస్తుంది, కానీ మొదట్లో నొప్పి తెలియదు. గంటల తర్వాత మంట మొదలయ్యేసరికి గాయం లోతుకి వెళ్లిపోయి ఉంటుంది. బూటులో అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తడిసిన సాక్స్ ఆ సిమెంట్‌ని చర్మానికి అదిమి పట్టి ఉంచుతుంది. స్లాబ్ మధ్యలో ఆపడం కష్టమని ఓర్చుకున్నవాళ్లలో చర్మం అతికించే ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు.

బూటు, సాక్స్ విప్పేయండి. ధారగా పడే మంచినీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగండి. బకెట్‌లో కాలు ముంచి ఉంచితే అదే క్షారంలో నానబెట్టినట్టవుతుంది. చర్మం తెల్లగానో నల్లగానో మారినా, బొబ్బలు వచ్చినా, మంట తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లి సిమెంట్ పడిందని చెప్పండి. ఆ సాక్స్ మళ్లీ వేసుకోవద్దు.

సిమెంట్‌లో ఉండే క్రోమియం వల్ల కొందరికి ఎలర్జీ కూడా వస్తుంది. ఒకసారి వచ్చిందంటే తర్వాత కొంచెం తగిలినా దురద, పగుళ్లు తిరగబెడతాయి. కాంక్రీట్ పోసేటప్పుడు గంబూటు లోపల పెట్టిన ప్యాంట్ బయటికి తీసి, బూటు మీదుగా వదలండి. లోపల దోపితే పైనుంచి జారే కాంక్రీట్ సరిగ్గా బూటులోకే దారి తీసుకుంటుంది.

తడిసిన తోలు బూట్లని ఎండలో పెట్టొచ్చా?

మండే ఎండలోనూ, పొయ్యి దగ్గరా వద్దు. తోలు గట్టిపడి పగులుతుంది, సోల్ అతుకు వదులుతుంది. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, గాలి తగిలే నీడలో పెట్టండి. కాగితం తడిస్తే మార్చండి. ఆరాక తోలుకి క్రీమ్ రాయాలి. సిమెంట్ అంటిన బూటుని ఆరబెట్టే ముందే తుడవాలి, సిమెంట్‌లోని సున్నం తోలులోని జిడ్డుని లాగేస్తుంది.

సాయంత్రానికి మడమలు, నడుం నొప్పి వస్తున్నాయి, బూటు వల్లేనా?

కావొచ్చు. కాంక్రీట్ నేల అసలు లొంగదు, అదురంతా మడమకే వస్తుంది. ఇన్‌సోల్ నలిగి అట్టలా అయిపోయి ఉంటే ముందు అది మార్చి చూడండి. బూటు పాతబడకముందే ఇన్‌సోల్ పాతబడుతుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు వస్తుంటే మాత్రం అది మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి కణజాల పట్టీ వాపు (ప్లాంటార్ ఫేసైటిస్) కావొచ్చు, డాక్టర్ చూడాలి.

## పాతబడ్డాక

ఎన్ని నెలలకి బూట్లు మార్చాలి?

నెలల లెక్క పెట్టుకోకండి, బూటుని చూడండి. గాడులు అరిగి సోల్ నున్నబడినా, టో పైన తోలు పోయి లోహం కనిపిస్తున్నా, సోల్ అంచు విడిపోయినా, లోపల ఏదైనా గుచ్చుకుంటున్నా మార్చాలి. రెండు బూట్లనీ బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకి వాలిపోయి ఉంటే మీ మోకాలు కూడా ఆ వైపే వాలుతోందని అర్థం. కూల్చివేత పనిలో కొన్ని నెలలకే అయిపోయే బూటు, సూపర్‌వైజర్ కాలికి ఏళ్లు రావచ్చు.

టో మీద బరువు పడింది, పైకి ఏమీ కనిపించట్లేదు, వాడొచ్చా?

వాడొద్దు. టో లోపల వంగిందో, చీలిందో తోలు మీంచి కనిపించదు. కాంపోజిట్ అయితే పగులు వచ్చి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. అది ఒక్కసారి గట్టి దెబ్బ కాయడానికే ఉన్నది, ఆ పని చేసేసింది.

వాడకుండా దాచిన బూట్ల సోల్ పొడిపొడిగా రాలిపోయింది, మోసపోయానా?

మోసం కాకపోవచ్చు. పాలీయురిథేన్ అనే పదార్థంతో చేసిన సోల్ గాలిలోని తేమతో కలిసి కొన్నేళ్లకి దానంతటదే విరిగిపోతుంది. వేడి, తేమ ఎక్కువున్న చోట, గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో ఇంకా త్వరగా. వాడని బూటుకే ఇది ఎక్కువ జరగడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. కొనేటప్పుడు నాలుక మీద తయారైన తేదీ చూడండి, ఏళ్ల నాటి స్టాక్ తక్కువకి ఇస్తామన్నా తీసుకోవద్దు. దాచిన జతని పనికి తీసే ముందు సోల్‌ని చేత్తో గట్టిగా వంచి, బొటనవేలితో నొక్కి చూడండి. పగులు కనిపించినా, గుంట పడి అలాగే ఉండిపోయినా వాడొద్దు.

సెకండ్ హ్యాండ్ సేఫ్టీ బూట్లు కొనొచ్చా?

నేను వద్దనే చెప్తాను. టో ఎన్ని దెబ్బలు తిందో తెలియదు, ఇన్‌సోల్ ఇంకొకరి నడక ప్రకారం నలిగి ఉంటుంది, ఫంగస్ కూడా తోడు రావచ్చు. చేతిలో ఉన్న మొత్తం తక్కువైతే, పేరున్న పాత జత కంటే ప్రమాణం గుర్తు ఉన్న మామూలు కొత్త జతే మేలు.

కంపెనీ ఇచ్చిన బూట్లు నాకు సరిపోవట్లేదు, ఏం చేయాలి?

చాలా దేశాల చట్టాల ప్రకారం పనికి తగిన రక్షణ సామగ్రి ఇచ్చే బాధ్యత యజమానిదే. సరిపోని సైజు ఇస్తే ఆ బాధ్యత తీరినట్టు కాదు. నోటితో చెప్పి ఊరుకోకుండా సేఫ్టీ ఆఫీసర్‌కి రాసి ఇవ్వండి. సైజు, ఎక్కడ ఒరుసుకుంటోంది, ఎన్నాళ్లనుంచి అన్నవి రాయండి. బొబ్బలుంటే ఫొటో తీసి పెట్టండి. రాయడం ఇబ్బందైతే మేస్త్రీనో తోటివాళ్లనో సాయం అడగండి. మీ పాదం కొలత మిల్లీమీటర్లలో కూడా ఆ కాగితం మీద రాస్తే, కొత్త జత తెప్పించేవాళ్లు ఈసారి సరైన సైజే తెప్పిస్తారు.